వరకు

కాశీబుగ్గ కోర్టు వరండాలో
మూడో స్తంభం పక్కనిది నా బల్ల.
ఒక కాలు కింద మడిచిన వకాల్తా కాయితం,
అది తీస్తే ఊగుతుంది.

ముప్పై ఒక్కేళ్ళుగా వకీలు గుమస్తాని.
దొంగతనమంటే మూడొందల డెబ్బై తొమ్మిదని
నిద్రలో లేపినా చెప్పేవాణ్ణి.
మొన్న చట్టం మారింది, అంకెలన్నీ ఇళ్ళు మారాయి.
దొంగతనం ఇప్పుడు మూడొందల మూడులో కాపురం.
మోసం మూడొందల పద్దెనిమిదికి పోయింది గానీ
బస్టాండులో ఇంకా ‘ఫోర్ ట్వంటీగాడా’ అనే తిట్టుకుంటున్నారు.
తిట్టుకి సవరణ రాదు.

పొద్దున్నే ఆటో నారాయుడు వచ్చాడు.
మందస మలుపులో వాడి బండి కింద
ఒక ముసలాయన పోయాడు.
అయిదేళ్ళ వరకు, అన్నాను.
‘అయిదేళ్ళే!’ అని మెట్టు మీద కూలబడ్డాడు.
వరకు, అన్నాను మళ్ళీ.
ఆ మాట ఎవరికీ వినపడదు.
అది చేదకి కట్టిన తాడురా నాయనా,
పొడుగంతా నూతిలోకి దిగాలని లేదు,
ఎంత వదలాలో జడ్జిగారి చేతిలో ఉంటుంది.
తలూపాడు.
భయం మట్టుకు అప్పటికే
తాడు చివరిదాకా దిగిపోయింది.

తరవాత గట్టు తగాదా అన్నదమ్ములు.
ఊరికే కొడితే ఏడాది వరకు,
ఎముక విరిగితే ఏడేళ్ళ వరకు.
‘ఒక్క ఎముక్కి ఆరేళ్ళా?’
తమ్ముడు మోచేతి కట్టుకేసి చూసుకున్నాడు.
అన్న చూడలేదు.

పదకొండింటికి తవిటమ్మ.
పలాసలో జీడిపిక్కలు వొలిచే మనిషి.
జీడినూనె తినేసిన వేళ్ళు,
స్టేషన్లో మూడుసార్లు అద్దించినా
గీతలు పడలేదట.
గేటు దగ్గర కొంగుముడిలో దొరికింది
అరకిలో ముక్కపప్పు.
ఖరీదు మూడొందల యాభై అని పంచనామా.

తేలిక కేసే, అన్నాను.
అయిదువేలకి లోపు సొత్తు, మొదటి తప్పు,
తిరిగిచ్చేస్తే జైలుండదు, సమాజ సేవ.
ఆసుపత్రి ఊడవమంటారో, బడి ఊడవమంటారో.
‘ఊడవడం నాకొచ్చును బావూ’ అంది.

అప్పుడు తిప్పాను చార్జిషీటు రెండో పేజీ.
మూడొందల మూడు కాదు. ఆరు.
యజమాని సొత్తు పనివాళ్ళు తీస్తే
ఏడేళ్ళ వరకు.
సమాజ సేవ ఊసు ఆ సెక్షన్లో లేదు.

అదే పప్పు, అదే అరకిలో.
దారినపోయేవాడు తీస్తే మూడు,
వొలిచిన చెయ్యి తీస్తే ఏడు.
నమ్మకానికి నాలుగేళ్ళు అదనం, అన్నాను.
నా మాట నాకే నచ్చలేదు.

ఆవిడ ఏడవలేదు. కాయితం మీదకి వంగింది.
‘ఏటి రాసినారూ?’
‘సదరు నిందితురాలు పై ఫ్యాక్టరీలో
పద్దెనిమిదేళ్ళుగా పనిచేయుచున్న ఉద్యోగి.’
‘మల్లీ సదువు.’
చదివాను.

‘పీఎఫ్ అడగడానికెల్తే
నువ్వు మా మనిసివి కావు, మేస్త్రీ మనిసివన్నారు.
మేస్త్రీ సూస్తే నా బుక్కులో నీ పేరు నేదన్నాడు.
యేలు తెగినప్పుడు
ఈవిడ మాకెరికని ఎవులూ అన్నేదు.’

వకీలుగారికి చెబితే కళ్ళు మెరిశాయి.
దొరికిందయ్యా దారి, అన్నారు.
రిజిస్టరులో లేని మనిషి పనిమనిషెలా అవుతుంది?
కాదని తేలిస్తే కేసు మూడుకి దిగుతుంది,
నాలుగు రోజులు ఊడ్చి ఇంటికి పోవచ్చు.
‘నేనక్కడ పని చెయ్యలేదు’
అని ఒక్క ముక్క చెబితే చాలు.

తవిటమ్మ వేళ్ళకేసి చూసుకుంటూ ఉండిపోయింది.
చింతపండు బుట్టతో ఎవరో ఆవిణ్ణి దాటుకుని వెళ్ళారు.

బంట్రోతు పిలిచాడు, ఇంటిపేరుతో సహా, మూడుసార్లు.
లేచింది. కొంగు దులుపుకుంది.
నాలుగడుగులేసి వెనక్కొచ్చి
నా బల్ల మీద పది రూపాయల కాయితం పెట్టింది.

‘ఆ రెండో పేజీ
నకలొకటి తీయించు బావూ.’